మ్యూజియం చూడబోతే భోజనం మాటేమిటి?
(తిండికి పేచీ పెట్టే పిల్లలున్న కుటుంబాలకు ఈ నెల పాఠం)



సెలవులు దగ్గర పడ్డాయంటే మా ఓ.పి. బెంచీల మీద కూర్చున్న తల్లుల మాటలన్నీ ప్రయాణాల గురించే ఉంటాయి. "హైదరాబాదు తీసుకెళ్లమని పిల్లలు ఒకటే గొడవ. చార్మినారు, సాలార్ జంగ్ మ్యూజియం చూపించాలి" అంటారు. వెంటనే ఇంకొకరు అందుకుంటారు: "చూపించడం సరేగానీ సిస్టరమ్మా, మావాడు బయట ఏమీ తినడు. వాడికి ఏం పెట్టాలో తెలియక మేం కూడా తినకుండా తిరిగొస్తాం."

సెలవులు అయిపోయాక ఆ తల్లుల్లోనే కొందరు వాంతులు, విరేచనాలు అంటూ పిల్లల్ని భుజాన వేసుకుని మా దగ్గరకు వస్తారు. అందుకే ఈసారి పాఠానికి ఈ విషయం తీసుకున్నాను. ఇది చిన్న విషయమేనని నేనూ అనుకునేదాన్ని. మా ఇంట్లో జరిగిన ఒక సంగతి తర్వాత అలా అనుకోవడం మానేశాను. ముందుగా అదే చెబుతాను.

ఆ రోజు ఏం జరిగిందంటే

2023 దసరా సెలవుల్లో నేనూ, మా నాన్నగారూ హైదరాబాదులో ఉన్న మా తమ్ముడి ఇంటికి వెళ్లాం. అప్పటికి నాన్నగారికి 78 ఏళ్లు. షుగరు వ్యాధికి రోజూ ఉదయం గ్లిమిప్రైడ్ మాత్ర వేసుకునేవారు. నా మేనల్లుడికి ఐదేళ్లు. వాడు తినే పదార్థాలు చేతివేళ్ల మీద లెక్కపెట్టవచ్చు: ఇడ్లీ, పెరుగన్నం, బంగాళాదుంప వేపుడు, ఉడికించిన గుడ్డులో తెల్లసొన, బిస్కెట్లు. అన్నంలో కరివేపాకు కనిపించినా పళ్లెం తోసేస్తాడు.

ఒక శనివారం అందరం సాలార్ జంగ్ మ్యూజియానికి బయలుదేరాం. నాన్నగారు ఏడున్నరకు మాత్ర వేసుకుని, రెండు ఇడ్లీలు తిన్నారు. ఆటో, ట్రాఫిక్, టికెట్ల వరుస, అన్నీ దాటి లోపలికి వెళ్లేసరికి పదకొండు దాటింది. అక్కడి సంగీత గడియారం సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ప్రతి గంటకూ ఒక చిన్న బొమ్మ బయటికి వచ్చి, ఎంత గంటయితే అన్నిసార్లు గంట కొట్టి లోపలికి వెళ్లిపోతుంది. పదకొండు గంటలది మాకు తప్పిపోయింది. "పన్నెండైతే పన్నెండుసార్లు కొడుతుంది కదా, అది చూద్దాం" అన్నాడు తమ్ముడు. సరేనన్నాం. గడియారం చూశాక, ఇంత దూరం వచ్చాం కదా అని పాశ్చాత్య విభాగంలో బొమ్మలు కూడా చూశాం. బయటపడేసరికి ఒంటిగంటంబావు.

అప్పుడు మొదలుపెట్టాం, హోటల్ వెతకడం. మొదటి హోటల్లో మసాలా వాసనకే పిల్లవాడు ముక్కు మూసుకుని మెట్ల మీద కూలబడ్డాడు. రెండో చోట బల్ల దొరకాలంటే అరగంట ఆగమన్నారు. మూడో చోట కూర్చున్నాం. కారం లేకుండా ఫ్రైడ్ రైస్ అడిగితే, పైన ఉల్లికాడ ముక్కలు చల్లి తెచ్చారు. వాడు ఏడుపు లంకించుకున్నాడు. ఆకలితో, అలసటతో నాకూ ఓపిక చచ్చిపోయింది. "ఒక్క చెంచా తిను, ఏం కాదు" అంటూ నోట్లో పెట్టేశాను. వాడు ఓకరించి బల్ల మీదే వాంతి చేసుకున్నాడు.

ఆ గందరగోళంలో నాన్నగారు సర్వర్ కుర్రాడి మీద గట్టిగా కేకలేశారు. ఆయన జీవితంలో ఎవరి మీదా గొంతు పెంచి ఎరగరు. అలసిపోయారులే అనుకున్నాను. రెండు నిమిషాల తర్వాత మా మరదలు, "వదినా, మావయ్యగారి చొక్కా చూడండి, ఎలా తడిసిపోయిందో" అంది. ఏ.సి. గదిలో ఆయనకు చెమటలు కారుతున్నాయి. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది, వణుకుతోంది. అప్పటికి టైము రెండుంబావు. మాత్ర వేసుకుని ఏడు గంటలు కావస్తోంది, కడుపులో రెండు ఇడ్లీలు తప్ప ఏమీ లేవు.

టీ కౌంటరు నుంచి పంచదార తెప్పించి, మూడు చెంచాలు నీళ్లలో కలిపి తాగించాం. పావుగంటకు మనిషి తేరుకున్నారు. తర్వాత పెరుగన్నం తిన్నారు. నా గ్లూకోమీటరు మా తమ్ముడి ఇంట్లో బల్ల మీద ఉంది. అలాంటి ప్రయాణాలకు అది తీసుకెళ్లాలని ఎంతమందికో చెప్పినదాన్ని నేను! ఆ రాత్రి లేచి రెండుసార్లు పరీక్ష చేశాను. మరుసటి వారం డాక్టరుగారు ఆయన మాత్ర మోతాదు తగ్గించారు.

"నన్నెందుకు అడగలేదు నాన్నా, ఆకలేస్తోందని?" అంటే, "పిల్లాడి సంగతి చూసుకోనీ అనుకున్నానమ్మా" అన్నారు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది. అందరి కళ్లూ పేచీ పెట్టేవాడి మీద ఉన్నాయి. పేచీ పెట్టని మనిషిని ఎవరమూ చూడలేదు.

పిల్లవాడు ఎందుకు పేచీ పెడతాడు?

చాలామంది దీన్ని మొండితనం అనుకుంటారు. గారాబం అని అత్తగారు కోడల్ని అంటారు, మీ పోలికేనని కోడలు భర్తను అంటుంది. నిజానికి దీనికి శరీరంలోనే కొన్ని కారణాలున్నాయి.

మొదటిది ఎదుగుదల వేగం. పుట్టినప్పుడు 3 కిలోలున్న బిడ్డ ఏడాది నిండేసరికి సుమారు 9 కిలోలు అవుతాడు. ఆ తర్వాత ఏడాదికి సుమారు 2 కిలోలే పెరుగుతాడు. పెరుగుదల నెమ్మదిస్తే ఆకలి కూడా తగ్గుతుంది. "ఏడాది లోపు బాగా తినేవాడు, ఇప్పుడేమిటో తినడం లేదు" అని తల్లులు చెప్పేది ఇదే.

రెండవది కొత్త తిండి అంటే భయం. సుమారు 2 నుంచి 6 ఏళ్ల మధ్య ఇది ఎక్కువగా ఉంటుంది. పిల్లవాడు నడక నేర్చి దొరికినదల్లా నోట్లో పెట్టుకోగల వయసులో, తెలియని పదార్థాన్ని వద్దనడం ఒక విధంగా రక్షణ అని నిపుణులు అంటారు. కొత్త పదార్థాన్ని ఒకటి రెండుసార్లు కాదు, 8 నుంచి 15 సార్లు చూసి, తాకి, రుచి చూస్తేగానీ కొందరు పిల్లలు అలవాటు పడరు. మనం మూడోసారికే "వీడు తినడు" అని తీర్పు చెప్పేస్తాం.

మూడవది రుచి, స్పర్శ. చేదును పిల్లల నాలుక పెద్దవాళ్ల కంటే ఎక్కువగా పసిగడుతుంది. కొందరికి మెత్తని అన్నంలో గట్టి ముక్క తగలడమే ఇబ్బంది. కలిపిన పదార్థం తినని పిల్లవాడు అవే పదార్థాలు విడివిడిగా పెడితే తినవచ్చు.

నాలుగవది చోటు. ఇంట్లో తినే ఇడ్లీనే హోటల్లో తినని పిల్లలుంటారు. కొత్త పళ్లెం, గోల, వాసనలు, తెలియని మనుషులు. అప్పటికే రెండు గంటలు మ్యూజియంలో నడిచి కాళ్లు నొప్పులు పుట్టినవాడికి ఇవన్నీ మరీ ఎక్కువ.

ఐదవది మనం చేసేది. దారి పొడుగునా బిస్కెట్లు, చిప్స్, కూల్‌డ్రింకు ఇస్తాం. చిన్న కడుపు వాటితోనే నిండిపోతుంది. రోజుకు అర లీటరు కంటే ఎక్కువ పాలు తాగే చిన్నపిల్లలకు కూడా అన్నం మీద ఆకలి ఉండదు, రక్తహీనత వచ్చే అవకాశమూ ఎక్కువ.

ఎవరి పని ఏది?

అమెరికాకు చెందిన పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ తల్లిదండ్రులకు ఒక మంచి పద్ధతి చెప్పారు. ఏ పదార్థం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ పెట్టాలి అనేది పెద్దల పని. పెట్టినదాంట్లో తినాలా వద్దా, ఎంత తినాలి అనేది పిల్లవాడి పని. ఒకరి పనిలోకి ఇంకొకరు వెళ్లకూడదు.

ఆ రోజు మేం చేసింది సరిగ్గా దీనికి తలకిందులు. ఏమి, ఎప్పుడు, ఎక్కడ అన్న మా పని మేం చేయలేదు, రోడ్డు మీద నిలబడి వెతికాం. పిల్లవాడు చేయవలసిన పనిని నేను చెంచాతో చేయబోయాను. బలవంతంగా పెట్టిన పదార్థం మీద పిల్లలకు అసహ్యం కలుగుతుంది. పైగా ఏడుస్తున్న పిల్లవాడి నోట్లో ముద్ద పెడితే అది గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. నర్సునై ఉండీ చేశాను కనుక మీకు గట్టిగా చెబుతున్నాను, అలా చేయవద్దు.

బయలుదేరే ముందే చోటు నిర్ణయించుకోండి

హోటల్ పేరు పెద్దదా, బోర్డు మెరుస్తోందా అని చూడవద్దు. కింది ఐదు ప్రశ్నలు వేసుకోండి. ఫోను చేసి అడిగినా చెబుతారు, ఒకరు ముందుగా వెళ్లి చూసినా సరిపోతుంది.

1. సాదా పదార్థాలు దొరుకుతాయా? ఇడ్లీ, సాదా దోసె, తెల్లన్నం, పెరుగు, చపాతీ, ఉడికించిన గుడ్డు. వీటిలో రెండైనా ఉంటే పేచీ పెట్టే పిల్లవాడికి దారి దొరికినట్లే.

2. అడిగితే విడిగా ఇస్తారా? సాంబారు వేరే గిన్నెలో, చట్నీ వేరే గిన్నెలో, పైన కొత్తిమీర చల్లకుండా. "కారం తగ్గించండి" అంటే వంటవాడికి ఒక అర్థం, మనకు ఒక అర్థం. "పచ్చిమిర్చి, మిరియాలు, మసాలా ఏమీ వేయవద్దు" అని విడమరిచి చెప్పండి.

3. మీరు వెళ్లే సమయానికి బల్ల దొరుకుతుందా? సెలవు రోజుల్లో ఒంటిగంట నుంచి రెండున్నర దాకా రద్దీ. పన్నెండుకే వెళితే కూర్చోవడానికి చోటు ఉంటుంది, వడ్డన త్వరగా అవుతుంది, పదార్థం వేడిగా వస్తుంది.

4. చేతులు కడుక్కునే చోట సబ్బు ఉందా? మరుగుదొడ్డి శుభ్రంగా ఉందా? మరుగుదొడ్డి చూస్తే వంటగది సగం తెలుస్తుందని మా పెద్ద సిస్టరుగారు అనేవారు.

5. పెద్దవాళ్లు ఎక్కగలరా? ఫ్యామిలీ రూమ్ మేడ మీద ఉంటే మోకాళ్ల నొప్పులున్నవారు ముందుగా తెలుసుకోవాలి.

సాలార్ జంగ్ మ్యూజియానికి వెళ్లేవారికి

ఈ మ్యూజియం మూసీ నది దక్షిణపు ఒడ్డున, దారుల్‌షిఫా ప్రాంతంలో ఉంది. మూడవ సాలార్ జంగ్ నవాబు మీర్ యూసుఫ్ అలీఖాన్ సేకరించిన వస్తువులతో 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలో ప్రారంభమైంది. ఇప్పుడున్న భవనంలోకి 1968లో మారింది. 1961లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. ఇటలీ శిల్పి బెంజోనీ 1876లో చెక్కిన మేలిముసుగు రెబెకా పాలరాతి విగ్రహం, ముందు ఒక మనిషి, వెనుక ఇంకో మనిషి కనిపించే చెక్క విగ్రహం ఇక్కడివే. భవనం చాలా పెద్దది. అన్నీ ఒక్క పూటలో చూద్దామనుకోవద్దు. చిన్నపిల్లలతో గంటన్నర, రెండు గంటలు చాలు. శుక్రవారం సెలవు అని గుర్తుంచుకోండి.

సంచులు ప్రవేశం దగ్గర అప్పగించాలి. అందుచేత షుగరు ఉన్నవారు గ్లూకోజు పొట్లం సంచిలో కాకుండా జేబులో ఉంచుకోవాలి. గ్యాలరీల్లో తినకూడదు. లోపల క్యాంటీన్‌లో ఆ రోజు ఏం దొరుకుతుందో, బయటికి వెళ్లి తిని మళ్లీ లోపలికి రానిస్తారో లేదో, టికెట్టు కొనేటప్పుడే అడగండి.

ఇక భోజనం. మ్యూజియం నుంచి మదీనా కూడలి, చార్మినారు వైపు వెళితే షాదాబ్ వంటి పాత హోటళ్లు బిర్యానీకి, నహారీకి పేరుపడ్డాయి. పెద్దవాళ్లకు ఇష్టమే. కానీ మసాలా వాసనకే దూరం జరిగే పిల్లవాడికి అక్కడ రోటీ, తెల్లన్నం, పెరుగు లాంటివి చూసుకోవాలి. నయాపూల్ దాటి కోఠీ, ఆబిడ్స్ వైపు వస్తే ఇడ్లీ, దోసె, మీల్స్ పెట్టే శాకాహార హోటళ్లు ఉన్నాయి. ఆబిడ్స్‌లోని తాజ్‌మహల్ హోటల్ వాటిలో పాతది. మ్యూజియానికి సుమారు 3 కిలోమీటర్లు, ఆటోలో వెళ్లవచ్చు. ఇంట్లో ఇద్దరికి బిర్యానీ కావాలి, ఇద్దరికి ఇడ్లీ కావాలి అంటే ముందు ఇడ్లీవాళ్లకు పెట్టించి, బిర్యానీ పొట్లం కట్టించుకుని ఇంటికి తీసుకెళ్లినా తప్పులేదు. పొట్లం వేడి మీద ఉండగానే, ఎట్టి పరిస్థితుల్లోనూ 2 గంటల లోపే తినేయాలి.

గడియారం సంగతి కూడా చెబుతాను. పన్నెండు గంటల దాకా ఆగితే జనం ఎక్కువ, భోజనం ఆలస్యం. పది గంటలకు తెరవగానే వెళితే పదకొండు గంటలది తీరికగా చూడవచ్చు. ఎదురుగా కుర్చీలున్నాయి, పెద్దవాళ్లు కూర్చోవచ్చు. పదకొండుసార్లు కొట్టినా పిల్లలకు అంతే సంతోషం.

బల్ల దగ్గర కూర్చున్నాక

అందరికీ ఒకేసారి ఆర్డరు ఇవ్వకండి. పిల్లవాడికీ, షుగరు ఉన్నవారికీ ముందు తెమ్మనండి. మిగిలినవారిది తర్వాత.

పిల్లవాడికి తెలిసిన పదార్థం ఒకటి తప్పకుండా పళ్లెంలో ఉండాలి. దాని పక్కన కొత్తది ఒక్క ముక్క చాలు. తినమని చెప్పవద్దు, మీరు తింటూ ఉండండి. వాసన చూసినా, వేలితో తాకినా ఆ పూటకు అది ఒక మెట్టే.

"ఇది తింటే ఐస్‌క్రీమ్ కొంటాను" అనవద్దు. అలా అంటే భోజనం శిక్ష అనీ, ఐస్‌క్రీమ్ బహుమానం అనీ పిల్లవాడు నేర్చుకుంటాడు. ఫోనులో బొమ్మలు చూపిస్తూ నోట్లో కుక్కడం కూడా మంచిది కాదు. ఏం తింటున్నాడో, కడుపు నిండిందో లేదో వాడికే తెలియదు.

పక్క బల్ల పిల్లవాడిని చూపించి "చూడు, ఎంత బుద్ధిగా తింటున్నాడో" అనకండి. బంధువుల ముందు వాడి పేచీ కథలు చెప్పి నవ్వకండి. పిల్లలకు పౌరుషం ఉంటుంది. "వీడు ఏమీ తినడు" అని పదిసార్లు విన్నవాడు ఆ మాట నిలబెట్టుకుంటాడు.

తినకపోతే? ఇరవై, ముప్ఫై నిమిషాలు చూసి పళ్లెం తీసేయండి. ఒక పూట తక్కువ తిన్నంత మాత్రాన ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు ఏమీ కాదు. రెండు మూడు గంటల తర్వాత మళ్లీ పెట్టండి. నీళ్లు మాత్రం మరవకండి.

ఇంటి నుంచి చిన్న డబ్బా తీసుకెళ్లడంలో నామోషీ లేదు. అరటిపండు, చపాతీ, ఇడ్లీ ప్రయాణానికి బాగుంటాయి. పెరుగన్నం ఎండలో పులిసిపోతుంది, తీసుకెళితే త్వరగా పెట్టేయండి. ఐదేళ్ల లోపు పిల్లలకు వేరుశనగ గింజలు, గుండ్రని ద్రాక్ష, గట్టి చాక్లెట్లు ఇవ్వవద్దు, గొంతుకు అడ్డం పడతాయి.

శుభ్రత విషయంలో

తినే ముందు అందరూ సబ్బుతో చేతులు కడుక్కోవాలి. మ్యూజియంలో రెయిలింగులు, తలుపులు ఎన్ని చేతులు తాకి ఉంటాయో ఆలోచించండి. కళ్ల ముందు వేడిగా వండినది తినండి. పొగలు కక్కే పదార్థానికి భయం తక్కువ. 5 నుంచి 60 డిగ్రీల సెల్సియస్ మధ్య సూక్ష్మజీవులు వేగంగా పెరుగుతాయి. ఉదయం చేసి గిన్నెలో గోరువెచ్చగా ఉంచిన కూర, చట్నీ ఈ కోవలోకే వస్తాయి. కోసి ఉంచిన పండ్లు, పచ్చి ఉల్లి, కీరా ముక్కలు, ఏ నీళ్లతో చేశారో తెలియని ఐసు పిల్లలకు వద్దు. నీళ్లు ఇంటి నుంచి కాచి తీసుకెళ్లండి, లేదా సీలు ఉన్న సీసా కొనండి.

పిల్లలు ఇష్టపడే మయోనైజు గురించి ఒక మాట. పచ్చి గుడ్డుతో చేసిన మయోనైజును తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు చివర్లో ఏడాది పాటు నిషేధించింది. దాని వల్ల విష పదార్థం తిన్నట్లు జబ్బుపడ్డవారు ఉండటమే కారణం. గుడ్డు వేసినదా అని అడిగి తెలుసుకోండి, సందేహం ఉంటే మానేయండి.

హోటళ్లు ఆహార భద్రతా సంస్థ ఇచ్చిన 14 అంకెల లైసెన్సు నంబరును కనిపించేలా ఉంచాలి. 2022 నుంచి బిల్లు మీద కూడా వేయాలి. అది ఉంటే అంతా శుభ్రమేనని కాదుగానీ, ఫిర్యాదు చేయాల్సి వస్తే ఆ నంబరే ఆధారం. బిల్లు పారేయకండి.

ఒకవేళ విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. పెద్ద పొట్లం మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీటిలో కలిపి, కొద్దికొద్దిగా తాగించండి. సగం పొట్లం, ఒక గ్లాసు అంటూ అందాజాగా కలపవద్దు. ఐదేళ్ల లోపు పిల్లలకు డాక్టరు సలహాతో 14 రోజులు జింకు కూడా ఇవ్వాలి. రక్తం పడినా, మూత్రం తగ్గినా, కళ్లు గుంటలు పడినా, పిల్లవాడు మగతగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

షుగరు ఉన్న పెద్దవారు వెంట ఉంటే

గ్లిమిప్రైడ్, గ్లైబెన్‌క్లమైడ్, గ్లిక్లజైడ్ వంటి మాత్రలు వేసుకునేవారు, ఇన్సులిన్ తీసుకునేవారు భోజనం ఆలస్యం చేయకూడదు. దానికి తోడు రోజూ లేని నడక ఉంటే రక్తంలో చక్కెర పడిపోతుంది. 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే ప్రమాద సూచన. చెమటలు, వణుకు, గుండె దడ, తల తిరగడం, ఆకలి, మాట తడబడటం, కారణం లేని కోపం దీని లక్షణాలు. చివరిది బాగా గుర్తుంచుకోండి. నేను దాన్నే గుర్తించలేకపోయాను.

వెంటనే 15 గ్రాముల గ్లూకోజు, లేదా మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇవ్వండి. 15 నిమిషాలు ఆగి, తగ్గకపోతే మళ్లీ ఇవ్వండి. తేరుకున్నాక భోజనం పెట్టండి. వాగ్లిబోజ్, అకార్బోజ్ మాత్రలు కూడా వాడేవారికి పంచదార త్వరగా పనిచేయదు, గ్లూకోజు పొడే కావాలి. స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయవద్దు, 108కి ఫోను చేయండి. ఈ మాత్రల ప్రభావం చాలా గంటలు ఉంటుంది కనుక తేరుకున్నా ఆ రోజే డాక్టరుకు చెప్పాలి.

పేచీ ఎప్పుడు జబ్బు అవుతుంది?

ఎక్కువమంది పిల్లలు పెరిగేకొద్దీ మారతారు. కింది గుర్తులుంటే మాత్రం "పెద్దయితే సర్దుకుంటుంది" అని కూర్చోకండి.

బరువు పెరగకపోవడం లేదా తగ్గడం. ముఖం, నాలుక పాలిపోవడం. మట్టి, సుద్ద, గోడ సున్నం తినడం. మింగేటప్పుడు దగ్గు, నొప్పి, తరచూ వాంతి. తినే పదార్థాలు రోజురోజుకూ తగ్గిపోవడం. తిండితో పాటు మాట, చూపు, ఆట విషయంలోనూ తేడా కనిపించడం. కొందరు పిల్లల్లో తిండి మానుకోవడం ఒక జబ్బుగానే ఉంటుంది. 2013లో అమెరికా మనోవైద్యుల సంఘం తన వ్యాధుల జాబితాలో దీన్ని ప్రత్యేకంగా చేర్చింది. అది తల్లి తప్పు కాదు, పిల్లవాడి పొగరు కాదు. చికిత్స ఉంది.

రెండోసారి వెళ్లినప్పుడు

మరుసటి ఏడాది మళ్లీ అదే మ్యూజియానికి వెళ్లాం. ఈసారి పదింటికే లోపల ఉన్నాం. పదకొండు గంటల బొమ్మను చూశాం. నాన్నగారు కుర్చీలో కూర్చున్నారు, జేబులో గ్లూకోజు పొట్లం ఉంది, నా దగ్గర గ్లూకోమీటరు ఉంది. రెండు విభాగాలు వదిలేసి పన్నెండుకల్లా ఇడ్లీలు దొరికే హోటల్లో బల్ల దగ్గర కూర్చున్నాం. నాన్నగారికీ, మేనల్లుడికీ ముందు తెప్పించాం.

వాడు రెండు ఇడ్లీలు తిన్నాడు. చట్నీ ముట్టలేదు. నేనేమీ అనలేదు. కాసేపటికి తాతయ్య దోసె అంచు కొంచెం తుంచి, వాసన చూసి, నోట్లో వేసుకున్నాడు. "కరకరలాడుతోంది అత్తా" అన్నాడు. ఇంకో ముక్క అడగలేదు. ఆ పూటకు అంతే జరిగింది. ఎవరూ ఏడవలేదు, ఎవరికీ చెమటలు పట్టలేదు.

జ్ఞాపకం ఉంచుకోండి

1. చోటు, సమయం, పదార్థం పెద్దలు ముందే నిర్ణయించాలి. ఎంత తినాలో పిల్లవాడికి వదిలేయాలి.
2. పళ్లెంలో తెలిసినది ఒకటి, కొత్తది ఒక ముక్క.
3. పన్నెండుకే భోజనం. వేడిగా వండినది, శుభ్రమైన నీళ్లు, సబ్బుతో చేతులు.
4. గ్లూకోజు జేబులో, సంచిలో కాదు.
5. పేచీ పెట్టేవారితో పాటు, అడగకుండా ఊరుకునేవారిని కూడా గమనించాలి.

ఇంట్లో మాట్లాడుకోవడానికి ప్రశ్నలు

1. మీ బిడ్డ ఇష్టంగా తినే పదార్థాలు రాయండి. వాటిలో హోటల్లో దొరికేవి ఎన్ని?
2. గత నెలలో మీ బిడ్డకు ఏ పదార్థమైనా బలవంతంగా పెట్టారా? ఆ తర్వాత ఆ పదార్థం మళ్లీ తిన్నాడా?
3. మీ ఇంట్లో షుగరు మాత్రలు వేసుకునేవారు ఎవరు? మధ్యాహ్న భోజనం ఆలస్యమైతే వారు నోరు తెరిచి చెబుతారా? ఈ రోజే వారిని అడగండి.